నలగని దుప్పటి

వార్విక్, బెర్ముడా
ఫిబ్రవరి 12, 2018

ప్రియమైన కొలెట్‌కి, బ్రిజెట్‌కి,

ముందుగా మీ ఇద్దరికీ గుడ్ మార్నింగ్. మా ద్వీపంలో బస్సెక్కినా, కొట్టుకెళ్ళినా ఈ మాట చెప్పనిదే ఎవరూ మన మొహం చూడరని పంతొమ్మిదేళ్ళ కిందట మీకు నేర్పింది నేనే. ఇప్పుడు నా ఉత్తరం మీ గుమ్మం తొక్కుతోంది కనుక ఆ మర్యాద నేనూ తప్పను. ఇక్కడ నేను క్షేమం. మోకాళ్ళు మాత్రం క్షేమం కాదు, వాటి సంగతి మీకు కొత్తేమీ కాదు. హాలిఫాక్స్‌లో మంచు విపరీతంగా పడుతోందని రేడియోలో చెప్పారు. బ్రిజెట్ టోపీ లేకుండా తిరుగుతూ ఉంటుంది, తిరగొద్దని నా మాటగా చెప్పు.

కొలెట్, నీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళద్దాలు లేక సరిగా అర్థం కాలేదనుకున్నాను. రెండోసారి అద్దాలు పెట్టుకుని చదివాను. మూడోసారి కోపంతో చదివాను.

ఇద్దరు ఆడవాళ్ళు గాని ఇద్దరు మగవాళ్ళు గాని పెళ్ళి చేసుకోవచ్చని మా కోర్టు తీర్పిచ్చి ఏడాది తిరక్కుండానే మా ప్రభుత్వం ఆ హక్కును లాగేసుకుందని, అందుకని ఈ ఏప్రిల్‌లో మీరు రారని, చట్టం మారేదాకా ఇక ఏ ఏప్రిల్‌లోనూ రారని, తెలిసినవాళ్ళందరినీ రావద్దని చెబుతున్నారని రాశావు. బాయ్‌కాట్ అన్నావు. ఆ మాట పెద్ద పెద్ద టూరిస్టు ఓడల వాళ్ళకి తగులుతుందో లేదో గాని, అతిథులకి అద్దెకిచ్చే నా రెండు గదుల ఇంటికి మాత్రం సూటిగా వచ్చి తగిలింది.

నేనేం చేశాను చెప్పు? చట్టం నేను రాశానా? గవర్నరు సంతకం పెడుతుంటే కలం నేను అందించానా? మీ గది కిటికీలకి కొత్తగా పచ్చరంగు వేయించాను. ఎప్పటిలాగే రెండు మంచాలూ సిద్ధం చేశాను. లోక్వాట్ పండ్ల చెట్టు కొమ్మలు కొట్టించి దాని కింద నలభై కుర్చీలకి చోటు చేశాను. మీ ఊళ్ళో పెళ్ళాడడానికి ఎప్పటినుంచో వీలున్నా, చేసుకుంటే మిసెస్ బర్జెస్ తోటలోనే చేసుకుంటామని పట్టుబట్టి ఇన్నేళ్ళు ఆగారు. నిరుడు మే నెలలో కోర్టు తీర్పు వచ్చిన నాలుగో రోజే ఫోన్ చేశారు. అవన్నీ ఒక్క ఉత్తరంతో సరా?

కేకుల సంగతి చెబితే మీకే నవ్వొస్తుంది. మా పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు కేకుకి బంగారు రేకు, పెళ్ళికూతురు కేకుకి వెండి రేకు అద్దుతామా, మీ ఇద్దరిలో బంగారం ఎవరికి, వెండి ఎవరికి అని నవంబరంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాను. యాభై ఏళ్ళుగా కేకులు చేస్తున్నాను, ఈ చిక్కు ఎప్పుడూ రాలేదు. చివరికి రెండింటికీ రెండూ అద్దేద్దామని తేల్చుకున్నాను. పండ్ల కేకు అప్పుడే చేసి డబ్బాలో పెట్టాను, వారం వారం దానికి రమ్ము తాగిస్తున్నాను. ఈ ఇంట్లో ప్రస్తుతం సంతోషంగా ఉన్నది అదొక్కటే. కేకు నెత్తిన నిలబెట్టే సీడర్ మొక్క కూడా జానెడు పెరిగింది. పెళ్ళయ్యాక దాన్ని మీ ఇద్దరూ కలిసి ఎక్కడ నాటాలో చూసుకుని, గుర్తుగా ఒక రాయి కూడా పెట్టి ఉంచాను.

నిన్న చర్చి నుంచి వచ్చాక పక్కింటి సిస్టర్ మెల్వీనా కంచె దగ్గర పట్టుకుంది. ఈ వీధిలో దేవుడి తర్వాత అన్నీ చూసేది ఆవిడే కదా. నీ కెనడా వాళ్ళు రావట్లేదట, పోనీలే ఊనా, నీకు పీడ విరగడైంది, అంది. పీడేమిటి మెల్వీనా, నా నీళ్ళ పంపు చెడితే ప్లంబరు మూడుసార్లు వస్తానని రాలేదు, బ్రిజెట్ అరగంటలో బాగుచేసి పెట్టింది, అన్నాను. అదేగా నేననేది, ఆడదానికి పంపులతో ఏం పని, అంది. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది గాని, ఆదివారం కదా అని మింగేశాను.

ఇంకో మాట. లాయరు ఆఫీసులో పనిచేసే నా మేనకోడల్ని అడిగాను. ఆ కొత్త చట్టం జూన్ ఒకటిదాకా అమల్లోకి రాదట. ఏప్రిల్‌లో చేసుకుంటే మీ పెళ్ళి నిక్షేపంగా చెల్లుతుందట. మరింకేమిటి మీ బాధ? తలుపు మూసేలోపు లోపలికి వచ్చేయండి.

కోపంగా మొదలుపెట్టాను గాని ఇక్కడిదాకా వచ్చేసరికి చల్లారిపోయాను. ఈ ఇంట్లో ఏప్రిల్ అంటే మీరే. వాననీళ్ళ ట్యాంకు నిండుగా ఉంది. ఈసారి కొలెట్ ఎంతసేపు స్నానం చేసినా తలుపు కొట్టను.

మీ కోసం చూస్తూ,
మిసెస్ ఊనా బర్జెస్


వార్విక్
ఏప్రిల్ 2, 2018

ప్రియమైన కొలెట్, ప్రియమైన బ్రిజెట్,

గుడ్ మార్నింగ్. నిన్నటి ఈస్టర్ మీకు శుభంగా గడిచిందని తలుస్తాను. ఇక్కడ అంతా మామూలే. పొడుగుతోక పిట్టలు తిరిగొచ్చాయి, కొండ అంచుల మీద గూళ్ళ కోసం కొట్టుకుంటున్నాయి. గుడ్ ఫ్రైడేకి గాలి బాగా వీచింది, ఆకాశం నిండా గాలిపటాలే. వరండాలో కూర్చుని చేప వడలు ఒక్కదాన్నే తిన్నాను. బ్రిజెట్ వాటా నాలుగూ అలవాటుగా వేయించేశాను, అవి సాయంత్రం తిన్నాను.

మీ జవాబు వచ్చి నెల దాటింది. రాయకుండా ఊరుకున్నానంటే అలిగి కాదు. కొలెట్, నువ్వు రాసింది నాకు కంఠతా వచ్చేసింది. తలుపు మూసేలోపు దూరమంటున్నారు మిసెస్ బర్జెస్, మా వెనక వచ్చేవాళ్ళ మొహాన అదే తలుపు వేసేస్తుంటే మేం లోపల కూర్చుని కేకు ఎలా తింటాం, మీ వీధిలోనే అలాంటి పిల్లలు ఉండే ఉంటారు, వాళ్ళ కేకు ఎవరు చేస్తారు, అన్నావు. నేను కేకులు చేసిపెట్టిన ఇళ్ళన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాను. ఉన్నారు, కొలెట్. ఒకరిద్దరి పేర్లు నాకు తెలుసు. వాళ్ళు పెళ్ళి మాట ఎప్పుడూ ఎత్తకపోతే, ఇష్టం లేదేమో అనుకున్నాను.

దాని కింద బ్రిజెట్ ఒక్క వాక్యం రాసింది. తనెప్పుడూ ఒక్క వాక్యమే కదా రాసేది. రెండేళ్ళ కిందట మీ ద్వీపంలో దీని మీద ఓటు పెట్టినప్పుడు మీరు ఏమని వేశారు, అని అడిగింది. ఆ సంగతికి వస్తాను. ముందు మిగతా కబుర్లు చెప్పనివ్వండి.

మా ఆయన సిరిల్ చనిపోయిన ఏడాది గుర్తొచ్చింది. అది నవంబరు, అప్పుడు ఇక్కడికి ఎవరూ రారు. మీరిద్దరూ సెలవు పెట్టి వచ్చారు. ఆ వేసవిలో సిరిల్ ఇంటి కప్పుకి సున్నం వేయలేకపోయాడు, పడే వాన అంతా మురికిగా ట్యాంకులోకి పోతుందని నేను ఏడ్చాను. మొగుడు పోయినందుకు ఏడవకుండా కప్పు గురించి ఏడుస్తోందేమిటని చర్చివాళ్ళు విడ్డూరంగా చూశారు. బ్రిజెట్ మాత్రం నిచ్చెన తెచ్చుకుని పైకెక్కింది. కొలెట్ వంటింట్లో నా పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగింది. మూడు రోజులకి కప్పు తెల్లగా మెరిసింది. ఈ రోజుకీ నేను తాగేది ఆ కప్పు మీద పడ్డ నీళ్ళే.

ఇప్పుడు మంచాల సంగతి. 1999లో మీరు మొదటిసారి వచ్చిన మర్నాడు గది సర్దడానికి వెళ్ళాను. ఒక మంచం మీద దుప్పటి నలిగి ఉంది. రెండోది నేను పరిచినది పరిచినట్టే ఉంది. ఆ మర్నాడూ అంతే. వారం చివర రెండు దుప్పట్లూ ఉతికి ఆరేశాను, నలగనిది కూడా. ఆకాశం నుంచి పడ్డ చుక్కే తప్ప వేరే గతి లేని ఊళ్ళో, చెంబుడు నీళ్ళు పారబోస్తే సిరిల్‌ని కూడా తిట్టిన నేను, శుభ్రంగా ఉన్న దుప్పటిని ఏటా ఉతుకుతూనే వచ్చాను. మా దండెం మెల్వీనా వంటింటి కిటికీకి ఎదురుగా ఉంటుంది మరి. రెండూ ఆరేయకపోతే ఆవిడ ఊహించేస్తుందని నా భయం. మిమ్మల్ని కాపాడుతున్నానని అనుకునేదాన్ని. నిజానికి నా పరువు కాపాడుకుంటున్నాను. అంతకంటే పెద్ద సంగతేమీ లేదు.

కిందటి వారం చర్చివాళ్ళు పాత సామాన్ల కోసం బండి పంపితే ఆ రెండో మంచం ఇచ్చేశాను. మెల్వీనా వెంటనే కంచె దగ్గరికి వచ్చింది. బంగారం లాంటి మంచం ఇచ్చేస్తున్నావేమిటి ఊనా, గదికి రెండు ఉండాలిగా, అంది. అక్కర్లేదు మెల్వీనా, ఆ గదిలో దిగేవాళ్ళు ఒక్క మంచమే వాడతారు, పంతొమ్మిదేళ్ళుగా అంతే, అన్నాను. బండివాళ్ళు కూడా విన్నారు. మెల్వీనా మొహం కందగడ్డలా అయింది. ఆ మాట పైకి ఎలా అంటావు, అంది. ఏం, నీకు తెలీదా, అన్నాను. ఎందుకు తెలీదు, కళ్ళున్నాయిగా, కానీ దండెం మీద రెండు దుప్పట్లు ఆరేసేదానివి, ఆ మర్యాదన్నా ఉండేది, ఇప్పుడు అదీ లేకుండా చేశావు, అంది.

చూశావా కొలెట్, ఆవిడకి మొదటినుంచీ తెలుసు. అన్ని నీళ్ళూ దండగ.

ఆ రోజు నుంచి మెల్వీనా మాట్లాడటం లేదు. గుడ్ ఫ్రైడేకి ప్రతి ఏడాదీ వేడి బన్నులు కంచె మీంచి అందించేది, ఈసారి రాలేదు. నిన్న చర్చిలో నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. నలభై ఏళ్ళ స్నేహం, బాధగానే ఉంది. ఉన్నా, ఆ రాత్రి నాకు నిద్ర బాగా పట్టింది.

ఫిబ్రవరిలో రండి రండి అని గోల పెట్టాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. రాకండి. మీ ఇద్దరినీ వెనకదారిన తీసుకొచ్చి తోటలో దాచి పెళ్ళి చేయడం నాకు ఇష్టం లేదు. ఈ ఊరు సరిగ్గా పిలిచిన రోజున రండి. అప్పటికి నేను ఉంటానో లేదో, డెబ్బై నాలుగు దాటాయి. కేకు మాత్రం ఉంటుంది, రమ్ము పోసినన్నాళ్ళు దానికి చావు లేదు. సీడర్ మొక్కని పెద్ద కుండీలోకి మార్చాను. నేలలో నాటెయ్యమని మా మేనకోడలు అంటోంది. దాన్ని నాటాల్సింది మీ చేతులు, నావి కాదు. పెరిగేకొద్దీ కుండీలు మారుస్తూ ఉంటాను.

బ్రిజెట్, టోపీ పెట్టుకో. కొలెట్, దాని మెడకి ఆ నీలం మఫ్లరు కూడా చుట్టు.

మీ ఇద్దరి మీదా ప్రేమతో,
ఊనా

తా.క. బ్రిజెట్, నీ ప్రశ్న దాటెయ్యాలనే చూశాను. సంతకం కూడా పెట్టేశాను. కవరు నాలుకతో తడిపాక మళ్ళీ విప్పాను, అందుకే అంచు చిరిగి ఉంది, క్షమించు.

ఓటు వేసిన ఆ రోజు గురువారం. నేనూ మెల్వీనా టోపీలు పెట్టుకుని కలిసే వెళ్ళాం. కాగితం మీద రెండు ప్రశ్నలు ఉన్నాయి. అలాంటివాళ్ళ పెళ్ళికి ఒప్పుకుంటారా అని ఒకటి, పెళ్ళి కాకపోయినా జంటగా గుర్తించడానికి ఒప్పుకుంటారా అని రెండోది. రెండింటికీ వద్దు అనే గీత పెట్టాను. ఊళ్ళో సగం మంది కూడా రాలేదు కనుక ఆ ఓటు చెల్లలేదన్నారు. నేను మాత్రం ఇంత మోకాళ్ళ నొప్పితోనూ నడిచి వెళ్ళి వేశాను.

మీ మీద కోపంతో వేశానని మాత్రం అనుకోకండి. అసలు మీరు నా తలపులోకే రాలేదు. ఎవరో టీవీలో అరిచేవాళ్ళని తలుచుకుని గీశాను. అటునుంచి ఇంటికి వచ్చి మీకు లోక్వాట్ జామ్ సీసాలు కట్టి పోస్టులో పంపాను. మరుసటి ఏడాది కొలెట్ ఫోన్ చేసి మీ తోటలో పెళ్ళి చేసుకుంటాం అన్నప్పుడు నా నోటి వెంట వచ్చిన మొదటి మాట, కేకు ఎంతమందికి, అని. ఫోన్ పెట్టేశాక గాని ఆ రెండు గీతలూ ఎవరి మీద పడ్డాయో నాకు తెలియలేదు. అప్పటినుంచి చెప్పాలని, చెప్పలేక, మీ కిటికీలకి రంగులు వేయిస్తూ వచ్చాను. చట్టం నేను రాశానా అని అడిగాను కదా. నాకు చేతనైనంత మేరకు నేనే రాశాను.

ఇది చదివాక మీరు నాకు మళ్ళీ రాయకపోతే అడగడానికి నాకు మొహం లేదు. మీ మొక్కకి మాత్రం నీళ్ళు పోస్తూనే ఉంటాను. ట్యాంకు అడుగంటిన రోజున కూడా ముందు దానికి పోసి, మిగిలితేనే నాకు టీ పెట్టుకుంటాను.