నాన్న ప్రోగ్రాముకి పాత పైథానే కావాలి

తమ్ముడూ,

ఆఫీసు బండి వచ్చేసింది, గబగబా రాస్తున్నా. నువ్వు నిన్న సిస్టంలో డిఫాల్టుగా కొత్త పైథాన్ వెర్షన్ పెట్టగానే, స్వెట్టర్ అల్లికలో ఏ వరసకి ఎన్ని కుట్లో అమ్మకి చెప్పే ప్రోగ్రాం ఆగిపోయింది. నాన్న రాసిన ఆ ప్రోగ్రాం పాత పైథాన్‌లోనే నడుస్తుంది. అమ్మ ఊలు ఒళ్లో పెట్టుకుని కాసేపు తెర వంకే చూసి, "పోన్లేవే, ఇదీ ఆయనతోనే పోయిందనుకుంటా" అంది. నా ప్రాణం ఉసూరుమంది.

నీ చదువుకి అడ్డం రాకుండా డిఫాల్టు కొత్తదే ఉంచాను. ఆ ఒక్క ప్రోగ్రాం మొదటి లైనులో మాత్రం పాత పైథాన్‌తో నడవాలని రాశాను. ఇప్పుడు బాగానే నడుస్తోంది. చోటు చాలడం లేదని పాతదాన్ని తీసేశావంటే నీ వీపు విమానం మోతే!

నాన్న బస్సు డ్యూటీ దిగొచ్చి, వంటింటి బల్ల మీద పైథాన్ నేర్పే పుస్తకం తెరిచి పెట్టుకుని ఒంటివేలితో టైపు చేసేవాడు, గుర్తుందా? మనిద్దరం తలుపు చాటున పడీ పడీ నవ్వేవాళ్లం.

అక్క

అన్నట్టు, ఆ ప్రోగ్రాం ఫైలు చివర నాన్న మనకోసం ఒక లైను రాసిపెట్టాడురా: "తప్పులుంటే దిద్దుకోండి పిల్లలూ, నాకు ఇంతవరకే వచ్చు." తప్పులు బోలెడున్నాయి. ఒక్కటీ దిద్దబుద్ధి కాలేదు.