కాగితానికి రంగుండదన్నాను

ద పాండ్స్, మార్చి 9

ప్రియమైన విద్యావతీ,

ఫోన్ చేస్తే అరుస్తాను, అందుకే రాస్తున్నాను. నువ్వు కౌన్సెలర్‌గా ఉన్న స్కూల్లో జరిగింది కాబట్టి జవాబు చెప్పాల్సింది నువ్వే. కుర్చీ విసిరిన తెల్ల పిల్లాణ్ణి ‘పాపం, ఇంట్లో ఏం బాధో’ అంటూ మీ కామ్ రూమ్‌లో దిండ్ల మీద కూర్చోబెట్టారు. నెల రోజులుగా క్లాసు పిల్లలు మన వంటని వెక్కిరిస్తూ ‘కర్రీ’ అని ఏడిపిస్తుంటే ఓర్చి ఓర్చి నీళ్ళ సీసా విసిరిన మా అమ్మాయి గీతికని మాత్రం రెండు రోజులు సస్పెండ్ చేశారు. మనసు గాయపడ్డ పిల్లలు కాసేపు కూర్చుని కుదుటపడడం కోసమట ఆ గది! ఎవరిది గాయమో, ఎవరిది పొగరో టీచరు చూపే తేలుస్తుందా? ఇకపై డాక్టరు సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకే ఆ గది అని పేరెంట్స్ మీటింగ్‌లో తీర్మానం పెడుతున్నాను. మనిషికి పక్షపాతం ఉంటుంది. కాగితానికి రంగుండదు.

నీ పాత క్లాస్‌మేట్,
ద్వారకానాథ్

మార్చి 13

ద్వారకా,

గీతికకి జరిగింది అన్యాయమే. స్టాఫ్ రూమ్‌లో ఆ మాటే గట్టిగా చెప్పాను. టీచర్ల చూపు మారాలని పోట్లాడు, నీ పక్కన నిలబడతాను. సర్టిఫికెట్ మాత్రం అడగొద్దు. ఏ కాగితమూ లేని పిల్లల్ని కూడా నేను ఆ గదిలోకి రానిస్తున్నాను. పేర్లు చెప్పకూడదు. మీటింగ్‌కి ముందు ఒక్కసారి వచ్చి కలువు. కాలేజీలోలాగా గెలవడానికే వాదించకు.

విద్య

మార్చి 21

విద్యా,

ప్రసంగం రాసుకుంటూ ఉండిపోయాను, రాలేదు. తీర్మానం నెగ్గింది. నీలాంటి మెతకవాళ్ళు దయ పంచుతూ కూర్చుంటే హక్కు ఎప్పటికి వస్తుంది? పారమట్టాలో ఉండే మా కుటుంబ స్నేహితుడు లక్ష్మీనారాయణ అంకుల్ తనకు తెలిసిన స్పెషలిస్టుతో మాట్లాడారు. గీతికకి మూడు రోజుల్లో సర్టిఫికెట్ వచ్చింది.

గెలిచినవాడు,
ద్వారక

ఆగస్టు 2

ప్రియమైన విద్యా,

నాలుగు నెలలుగా నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. ఎందుకు రాయలేదో మొన్న గీతిక మాటల్లో తెలిసింది. ‘ఆ గదిలో ఇప్పుడు స్పెషలిస్టుకి డబ్బు కట్టగలిగినవాళ్ళ పిల్లలమే ఉంటున్నాం, అచోల్‌ని రానివ్వలేదు’ అని ఇంగ్లీషులో చెప్పి, తలుపేసుకుంది.

అచోల్ దాని స్నేహితురాలట. దక్షిణ సూడాన్ యుద్ధంలోంచి వచ్చిన పిల్ల. ఫైర్ డ్రిల్ సైరన్ మోగితే నీ గదిలోకి పరుగెత్తేదట. జూన్‌లో సైరన్ మోగినప్పుడు గుమ్మం దగ్గర కాగితం అడిగారు. అడ్డం నిలబడ్డ టీచర్ని తోసేసింది. పది రోజులు సస్పెండ్ చేశారు. ఆ తర్వాత స్కూలుకే రాలేదు. సర్టిఫికెట్ కోసం ఉచిత క్లినిక్‌లో దాని వంతు వచ్చే ఫిబ్రవరికట.

నువ్వు దాచిన పేరు ఇదేనా అని అడగను. నా తీర్మానాన్ని రద్దు చేయమని నేనే అర్జీ రాశాను, జతచేస్తున్నాను. దిద్దిపెట్టు. ఈసారి నువ్వు చెప్పినట్టే వింటాను.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. ఆ నిబంధన పెట్టించింది నేనేనని అచోల్ తల్లికి చెప్పాను. ఆవిడ, మీ అమ్మాయికి కాగితం ఎన్నాళ్ళకి దొరికిందని అడిగింది. మూడు రోజులన్నాను.

“మంచిదే,” అంది. “పిల్ల కదా.”

ద్వారక