నాలుగు వేళ్ల మందం ఇసుక

మట్టెవాడ, వరంగల్
12 ఫిబ్రవరి 2025, బుధవారం

ప్రియమైన తమ్మి శాంసన్‌కు,

మీ వదిన షారోన్ ప్రభువు నామంల వందనాలు చెప్పి రాస్తున్నది. ఆయన దయ వల్ల ఇక్కడ మీ అన్న శామ్యూల్, అత్తమ్మ, నేను, కొత్తగ ఇంటికొచ్చిన పసుపు చేప, అందరం బాగున్నం. ఉప్పాడల నువ్వు, నీ హేచరీల రొయ్యపిల్లలు సుత బాగుండాలె. ఫోన్ చేస్తె ఎత్తవు, మెసేజ్ పెడితే నాలుగు రోజులకు నాలుగు ముక్కలు రాస్తవ్. కాగితమైతే చేతుల పట్టుకోక తప్పదు గదా అని ఇట్ల మొదలుపెట్టిన. అత్తమ్మ పక్కనే కుర్చీల కూసొని, ఏం రాస్తానవో పైకి చదువుకుంట రాయమంటాంది.

సంగతి నీకు సగమే ఎరుక. పోయిన దసరా సెలవుల్ల ఒకరోజు డయాలిసిస్ చేయించుకొని వచ్చి, సముద్రం చూడకుండనే పోతనేమో అన్నది అత్తమ్మ. నెక్కొండల పుట్టి మట్టెవాడకొచ్చిన మనిషి, పాకాల చెరువు తప్ప పెద్ద నీళ్లు ఎరగదు. దవాఖానల అడిగితే, వారానికి రెండుసార్లు మిషన్ మీద పండుకునే మనిషిని అంత దూరం తిప్పొద్దన్నరు. మీ అన్న సంగతి నీకు తెల్వనిదా? అమ్మ సముద్రం కాడికి పోకుంటె సముద్రాన్నే ముందర గదిలకు తెస్తనన్నడు. నేను నవ్విన. మరునాడే అద్దాల తొట్టి ఆటోల దిగింది.

అసలు పంచాయితీ తొట్టి అడుగున ఏం పరవాలె అన్నకాడ వచ్చింది. చేపల దుకాణం ఓంప్రకాశ్ పగడపు ముక్కలు వేయమన్నడు, శనగబద్దలంత ముతకవి. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన వాగు ఇసుక డాబా మీద ఉండంగ కొనుడెందుకన్నడు మీ అన్న. నాకేమో ఏదీ వద్దు, వట్టి అద్దమే ఉంటె కడుగుడు సులువనిపించింది. మేం కొట్లాడుతాంటె అత్తమ్మ, ఉప్పునీళ్ల సంగతి మీకేం తెలుసు, తెలిసినోణ్ని అడుగుండ్రి అన్నది. నీ పేరు మాత్రం ఎత్తలే. మామయ్యను మట్టి చేసిన రోజు నువ్వు ఆలస్యంగ వచ్చినవని, ఇప్పుడెవరి కోసం వచ్చినవని అందరి ముందర అన్నది గదా. నువ్వు సమాధుల కాడినుంచే బస్సెక్కి పోతివి. అప్పటిసంది ఆ పేరు ఆమె నోట వినలేదు నేను.

నీకు మెసేజ్ పెట్టింది అందుకే. ఏం చేప అని అడిగినవ్. పసుపుకొమ్ము లెక్క ఉన్నదాని ఫొటో పంపిన. ముతకది వద్దు, సన్నది, నాలుగు వేళ్ల మందం అని రాసి ఊకున్నవ్. ఎందుకో చెప్పలే. వారం తిరగకముందే నువ్వు పంపిన ఇసుక సంచి ఆర్టీసీ కార్గోల వచ్చింది.

అబ్బ, ఏం ఇసుక తమ్మీ అది! బొంబాయి రవ్వ కంటె సన్నం, పిండి కంటె తెలుపు. ఇది రాళ్లు అరిగిన ఇసుక కాదట, గవ్వలు, పగడాలు అరిగి అరిగి అయిందట, మీ అన్న ఫోన్ల చూసి చెప్పిండు. నేను నమ్మక ఒక గిన్నెల వాగు ఇసుక, ఇంకో గిన్నెల నీ ఇసుక ఏసి వెనిగర్ చుక్కలు పోసిన. వాగు ఇసుక ఉలకలే, పలకలే. నీది బుసబుస నురగొచ్చింది. అంటె ఒక్కో రవ్వ ఒకప్పుడు ఏదో ప్రాణం ఒంటి మీది పెంకేనా? అత్తమ్మ చిటికెడు అరచేతుల ఏసుకొని, ప్రభువా, ఇన్ని ప్రాణాలా అన్నది. ఎంతసేపు అట్లనే చూసినమో తెల్వదు.

టబ్బుల ఏసి కడుగుతాంటె నీళ్లు ఒకటే పాల లెక్క. కడిగినా కడిగినా పాలే. చివరికి తేటపడ్డంక, ఉప్పు కలిపిన నీళ్లు జరన్ని పోసి, ఒక్కసారి కాళ్లు పెడతనన్నది అత్తమ్మ. కుచ్చిళ్లు పైకి పట్టుకొని పెట్టింది. వాచిన కాళ్లు అవి. వేళ్ల సందులకెల్లి ఇసుక జారుతాంటె కండ్లు మూసుకొని, ఒడ్డు ఇట్లనే ఉంటదా అని అడిగింది. నేను మాత్రం ఎన్నడు చూసిన? ఇట్లనే ఉంటదత్తమ్మా అన్న. ఆ వెంటనే ఆమె, నా కూరల ఉప్పు బందు పెట్టి చేపకు సంచులకొద్ది పోస్తరా అని దెప్పింది. అందరం నవ్వుకున్నం.

నీళ్లు కుదురుకునేదాక ఆగి చేపను వదిలినం. రెండు చుట్లు తిరిగింది, తల కిందికి పెట్టింది, మాయం! కండ్ల ముందరనే! రాళ్ల సందుల చూసినం, తొట్టి ఎనుక చూసినం, మంచం కింద టార్చి ఏసినం. మరునాడు లేదు, ఆ మరునాడు లేదు. చచ్చింది పో అని మీ అన్న వల తెచ్చి ఇసుక కెలకబోతే అత్తమ్మ చెయ్యి పట్టుకున్నది. కెలకకురా, జర ఓపిక పట్టు, అది రావాలనుకున్నప్పుడు వస్తది అన్నది. తొట్టి ముందరికెల్లి కుర్చీ జరపనియ్యలే.

ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి, సప్పుడు చేయకుండ రండ్రని చెయ్యి ఊపుతాంది. ఇసుక కదిలింది. ముందు ఒక కన్ను. అటు చూసింది, ఇటు చూసింది. ఆనక మొత్తం పసుపు, ఒళ్లు దులుపుకొని పైకి వచ్చింది! మీ అన్న మెల్లగ, అమ్మ ప్రార్థన చేసి లేపింది అన్నడు. ఇప్పుడు రోజూ పొద్దుగూకంగ ఇసుకల దూరి పండుకుంటది, తెల్లారినంక లేస్తది. అప్పుడు అర్థమైంది నీ నాలుగు వేళ్ల ముచ్చట. ముతక ముక్కలైతే దాని ఒళ్లు చీరుకుపోయేది. వట్టి అద్దమైతే దానికి పండుకునే చోటే లేకపోయేది. ఇంత సృష్టి ఇసుకల దాగి ఉంటదని నాకు ఇన్నేండ్లు తెల్వదు తమ్మీ.

ఇగ రాయాల్సిన సంగతి. రెండు రోజులసంది నీళ్లల ఏదో తేడా ఉన్నది. వాసన మారిందని అత్తమ్మ అంటాంది. ఓంప్రకాశ్‌కు అంతుపడుతలేదు. చేపకు ఏమన్న అయితే అత్తమ్మ తట్టుకోదు. ఇది ఫోన్ల చెప్తె అయ్యేది కాదు, ఉప్పునీళ్లు తెలిసిన మనిషి కండ్లార చూడాలె. మంగళారం, శుక్రారం దవాఖాన, తతిమ్మ రోజులు ఇంట్లనే ఉంటం. జర తొందరగ వీలు చేసుకో.

నీ మేలు కోరే వదిన,
షారోన్

తా.క. పైదంత అత్తమ్మకు చదివి వినిపించిన, మంచిగున్నదన్నది. అన్నం తిని కునుకు తీస్తాంది. ఇది ఆమెకు తెల్వకుండ రాస్తున్న. నీళ్లకు ఏం కాలేదు తమ్మీ, పొద్దుగాలనే టెస్ట్ చేసిన. ఆ ముచ్చట రాయించింది ఆమెనే. చేప లేచిన రోజు తల దువ్వుతాంటె అంతా చెప్పింది. సముద్రం మీద ఆమెకు ఎన్నడూ మనసు లేదట. ఉప్పునీళ్లు తెలిసినోడు మన ఇంట్ల ఒక్కడే, సముద్రం అడిగితే మేం వాణ్ని అడగక తప్పదనుకున్నదట. అనరాని మాట అన్న నోటితోని రమ్మని ఎట్ల పిలువాలె బిడ్డా అని ఏడ్చింది. నువ్వు రా. వచ్చినంక మాత్రం ముందు తొట్టి కాడికే పో, నీళ్లు చూడు, తేడా ఉన్నదనే చెప్పు. బాగు చేయాలంటె కొన్ని రోజులు ఉండాల్సి వస్తదని ఆమె వినేటట్టు చెప్పు.