రెండు వందల నలభై పేజీలు

అక్టోబర్ 2, సాయంత్రం

వచ్చింది! నా బంగారు తల్లి మిరాసోల్ వచ్చింది! బెనోనీ రేవులో అంత పెద్ద వీపు సంచీతో పడవ దిగుతుంటే ఎవరో కూలీ మనిషి అనుకున్నాను. నా కూతురే. చూసి ఏడాదయింది. చిక్కిపోయింది. జుట్టు కత్తిరించేసుకుంది. నన్ను పట్టుకుని, ఏంటి నాన్నా ఇంత పొట్టివాడివైపోయావు అంది. పొట్టీ లేదు ఏమీ లేదు. ఏడుపు కనపడకుండా వంగానంతే.

వీధి వీధంతా వచ్చి చూసి వెళ్లింది. పక్కింటి కోరింగ్, పిల్లలంతా మానాంగ్, అంటే అక్క, అని పిలిచే ఆవిడ, గిన్నెడు పంది కూర తెచ్చింది. ఇన్నాళ్లూ మీ నాన్న తినే కంచాన్ని ఫోన్లో చూశావు, ఇవాళ నోటితో తిను అంది.

అక్టోబర్ 3

ఇవాళ పని చెయ్యలేదు. ఊరు మారిన మొదటిరోజు పని ముట్టదట. ఇంటర్నెట్ లైను ఎలా ఉందో, కుర్చీ నడుముకి పడుతుందో లేదో, ఎండ ఏ కిటికీలోంచి తెరమీద పడుతుందో, అవి చూసుకుంటుంది. మూడేళ్లలో పదకొండు ఊళ్లు తిరిగింది. అన్నిచోట్లా ఇదే పద్ధతి. వారానికో ఊరు మారితే ఊరూ దక్కదు పనీ దక్కదు నాన్నా అంది. చేతిలో పని సగం ఉండగా ప్రయాణం పెట్టుకోదట. ఎంత క్రమం! ఎవరి పిల్ల మరి!

ఇరవై ఐదున వియత్నాంలోని డా నాంగ్ వెళ్లాలట. ఆఫీసు జట్టంతా అక్కడ కలుస్తారట.

ఇరవై ఎనిమిదికి మా ఆవిడ డెల్ఫినా పోయి ఏడాది. ఇంటిల్లిపాదీ ప్రార్థన చేసి, నల్లబట్టలు విప్పి తెల్లవి కట్టుకునే రోజు. కిందటేడు తుఫానుకి పడవలు ఆగిపోయి పిల్ల అవతలి రేవులో రెండు రోజులు కూర్చుండిపోయింది. తల్లిని మట్టిలో పెట్టడం ఫోన్లో చూసింది. ఇల్లు చేరేసరికి సమాధి మీద పూలు కూడా వాడిపోయాయి.

ఫరవాలేదమ్మా, పని పనే అన్నాను. నవ్వుతూనే అన్నాను.

అక్టోబర్ 4, ఉదయం ఏడున్నర

అమ్మాయి కర్టెన్ వెనక పనిలో ఉంది. నేను వాకిట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. నోటికి పని లేనప్పుడు చేతికైనా ఉండాలి కదా.

ఆస్ట్రేలియా పిల్లల సైన్సు పుస్తకమట. బొమ్మలూ మాటలూ ఎక్కడివక్కడ అందంగా పేర్చాలి. రెండు వందల నలభై పేజీలు. అక్కడివాళ్ల టైము ప్రకారం మనకి పొద్దున్న ఆరుకే ఆఫీసు. అయిన పేజీని గోడమీది కాగితంలో కొట్టేస్తుంది. బల్లమీద చిన్న గడియారం. ఇరవై ఐదు నిమిషాలు పని, ఐదు నిమిషాలు విశ్రాంతి. ఆ ఇరవై ఐదులో ఇల్లు అంటుకున్నా పిలవొద్దు నాన్నా అంది. అంటుకుంటే నేనే ఆర్పుకుంటాలే అన్నాను.

ఆ ఐదు నిమిషాలు నావి! ఏడాదిగా చెప్పాలనుకున్నవన్నీ గొంతులో వరస కట్టి నిలబడతాయి. గంట మోగుతుంది. తను బయటికొస్తుంది. నేను, ఆకలేస్తోందా అంటాను. అంతే. మళ్లీ గంట మోగుతుంది.

అక్టోబర్ 5

పుంజుని తీసుకెళ్లి తమ్ముడు తెయోంగ్ ఇంట్లో కట్టేశాను. నిన్న మీటింగులో కూసింది. ఒకసారి కూస్తే నవ్వుతారు, తొమ్మిదిసార్లు కూస్తే రాసుకుంటారు నాన్నా అంది. తెయోంగ్, నీకు సంబరం, దీనికి జైలా అన్నయ్యా అన్నాడు.

కోరింగ్ ఇంట్లో పాడినవాళ్లకి మార్కులిచ్చే పాటల మిషను ఉంది. పొద్దున్న టీ తాగి మొదలుపెట్టిందంటే వీధి అదిరిపోవాల్సిందే. అమ్మాయి మీటింగులయ్యేదాకా, మధ్యాహ్నం రెండు వరకు పాడకు తల్లీ అని బతిమాలాను. చచ్చినవాళ్లకి ప్రార్థన చదివే నోరు నాది, దానికీ గడియారం పెట్టావా ముసలాడా అంది. అని, ఒప్పుకుంది. దేవత.

అక్టోబర్ 9

ఇవాళ ఐదు నిమిషాల్లో మూడు నిమిషాలు నా భుజంమీద తల పెట్టుకుంది. ఊపిరి కూడా మెల్లగా తీశాను.

అక్టోబర్ 13

గోడమీద కాగితం చూశాను. నూట పదిహేను కొట్టేసింది. ఏం వేగం! ఈ ఇల్లు పనికి బాగా కలిసొచ్చింది నాన్నా, ఇంత నిశ్శబ్దం ఏ ఊళ్లోనూ దొరకలేదు అంది. నా కాళ్లు నేలమీద లేవు. కోరింగ్‌కి చెప్పాను, తెయోంగ్‌కి చెప్పాను, చేపలమ్మే ఆవిడకీ చెప్పాను.

తర్వాత కూర్చుని లెక్కేశాను. ఇలా అయితే ఇరవై నాలుగుకి పుస్తకం అయిపోతుంది. ఇరవై ఐదున పడవ.

పుంజుని పంపింది నేనే. పాట ఆపించింది నేనే. చెప్పులు విప్పి పిల్లిలా నడిచింది నేనే. నా చేతులతో నేనే పిల్లని పడవ ఎక్కిస్తున్నాను.

అక్టోబర్ 14

చేతిలో పని సగం ఉండగా ప్రయాణం పెట్టుకోదు. తనే అంది. తనే అంది.

అక్టోబర్ 15

రెండున్నరకి, అమ్మాయి ఇంకా పేజీల్లోనే ఉండగా, ఇంటి వెనక్కి వెళ్లి కరెంటు మెయిన్ స్విచ్ దించేశాను. ఫ్యాను ఆగింది, రౌటర్ ఆగింది. పేజీలన్నీ ఆఫీసు దగ్గరే ఉంటాయట, లైను లేకపోతే ముట్టుకోడానికి లేదు. మన దగ్గర ఫోన్ సిగ్నల్ సంగతి తెలిసిందే. మిరాసోల్ బయటికొచ్చి, కరెంటు పోయిందా నాన్నా అంది. పోయిందమ్మా అన్నాను.

గంట! ఒక గంటంతా! అరటిపళ్లు కాల్చాను. వాళ్లమ్మ చివరి రోజుల్లో ఏం తిన్నదీ, ఏం అడిగిందీ, అన్నీ అడిగింది. అన్నీ చెప్పాను. చెప్పాలనుకున్నవి ఒక్కటీ మర్చిపోలేదు. ఇద్దరం ఏడ్చాం, ఇద్దరం నవ్వాం. తర్వాత, వెళ్లి చూసొస్తానని లేచి మెయిన్ ఎత్తాను.

ప్రభువా క్షమించు. ఇంత సుఖంగా ఏడాదిలో ఎప్పుడూ లేను.

అక్టోబర్ 16

మళ్లీ దించాను.

అక్టోబర్ 17

ఇవాళ కూడా దించాను. పట్టుబడ్డాను.

తను బయటికొచ్చి కూర్చుంది. అరటిపండు తీసుకుని తినలేదు. నాన్నా, మన ఒక్క ఇంటికే ఎందుకు పోతోంది కరెంటు అంది. వీధంతా పోయిందన్నాను. అయితే మానాంగ్ కోరింగ్ మిషను గాలితో నడుస్తోందా అంది. అప్పుడు విన్నాను. పక్కింట్లో కోరింగ్ గొంతెత్తి పాడుతోంది. పాట అవగానే మిషను తొంభై ఎనిమిది మార్కులు అని అరిచింది. మూడు రోజులుగా రోజూ ఈ వేళకి పాడుతూనే ఉందట. నాకు వినపడలేదు. ఒట్టు, పిల్ల గొంతు తప్ప ఏదీ వినపడలేదు.

నీకు ఎప్పుడు తెలిసిందని అడిగాను. మొదటిరోజే అంది. మరి అడగలేదేం అన్నాను. నాకూ కావాలనిపించింది నాన్నా అంది.

అప్పుడు అసలు సంగతి చెప్పింది. ఇరవై నాలుగులోపు పుస్తకం మొత్తం ఇచ్చేస్తే డా నాంగ్ రానక్కర్లేదు, ఆ వారమంతా సెలవు తీసుకో అందట ఆఫీసు పెద్దావిడ. అవ్వకపోతే మాత్రం మిగిలిన పేజీలు మూట కట్టుకుని వెళ్లి అందరితో కూర్చుని పూర్తి చెయ్యాల్సిందేనట. ఇరవై ఎనిమిది కోసమే అమ్మాయి అలా పరుగెత్తింది. సగం పనితో కదలకపోవడం నా పద్ధతి నాన్నా, ఆఫీసుది కాదు అంది.

ముందే చెప్పొచ్చుగా తల్లీ అన్నాను. కిందటేడు వస్తున్నా వస్తున్నా అని చెప్పి రాలేకపోయాను, ఈసారి చేసి చూపించాకే చెబుదామనుకున్నాను అంది.

గోడమీద నూట యాభై. ఇంకా తొంభై. ఏడు రోజులు. మూడు గంటలు నేను దొంగిలించాను. నా చెంపలు నేనే వాయించుకున్నాను. తను చేతులు పట్టుకుని ఆపి, ముందు వెళ్లి మెయిన్ ఎత్తు అంది.

అక్టోబర్ 18

కోరింగ్‌కి అంతా చెప్పేశాను. పడీపడీ నవ్వింది. దొంగతనం చేసేవాడు చెవులైనా తెరుచుకోవాలి కదయ్యా అంది. ఇరవై నాలుగు దాకా ఇక అసలు పాడదట. మిషను మీద దుప్పటి కప్పింది.

అక్టోబర్ 20, ఉదయం

ఇప్పుడు ఐదు నిమిషాల విశ్రాంతి కూడా వద్దంటున్నాను. వద్దంటే వినదు. అలా విరామం లేకుండా చేస్తే నాలుగో గంటకి తప్పులొస్తాయి నాన్నా, ఆ తప్పులు దిద్దడానికి రెండు గంటలు పోతాయి అంది. బయటికొచ్చి నిలబడి చేతులు చాపి విరుచుకుంటుంది. చిక్కటి కోకో కలిపి ఇస్తాను. నేను నోరు మూసుకుని చూస్తాను. దగ్గరే ఉంది. పలకరించలేను. సముద్రం అవతల ఉన్నప్పుడు కూడా ఇంత బెంగపడలేదు.

నూట ఎనభై.

అక్టోబర్ 22

మధ్యాహ్నం నిజంగానే కరెంటు పోయింది. వీధి వీధంతా ఒక్కసారి ఓ అని అరిచింది. మిరాసోల్ బయటికొచ్చి నా మొహం చూసింది. నేను కాదు తల్లీ, మీ అమ్మ మీద ఒట్టు అన్నాను. కోరింగ్ తన ఇంటి గుమ్మంలోంచి, ఈసారి వాడు కాదే పిల్లా, నేను సాక్షిని అని కేకేసింది.

తెయోంగ్ మోటారు సైకిలు తెచ్చాడు. అమ్మాయిని ఎక్కించుకుని అవతలి ఊళ్లో జనరేటరు ఉన్న హోటలుకి తీసుకెళ్లాడు. ఇలాంటివి పదకొండు ఊళ్లలో చూసిందట. ఏ ఊరికెళ్లినా కరెంటు పోతే కూర్చునే రెండో కుర్చీ ఎక్కడుందో మొదటిరోజే చూసి పెట్టుకుంటుందట. ఇక్కడ కూడా చూసిపెట్టుకుంది. నాకు చెప్పనేలేదు.

ఇంట్లో ఒక్కణ్ణే కూర్చున్నాను. తన కుర్చీ సర్దాను. మళ్లీ సర్దాను.

అక్టోబర్ 24, మధ్యాహ్నం ఒంటిగంట నలభై

రెండు వందల నలభై!

అయిపోయింది. పంపించేసింది. పెద్దావిడ బాగుందని జవాబు రాసింది. కర్టెన్ తీసి నిలబడి, నాన్నా ఉంటున్నాను అంది. నేను గట్టిగా అరిచాను. కోరింగ్ పరుగెత్తుకొచ్చింది, ఎవరో పడిపోయారనుకుందట. విషయం విని, మరి నా దుప్పటి తియ్యొచ్చా అంది.

అక్టోబర్ 25

పదిన్నర పడవ వెళ్లిపోయింది. ఇద్దరం రేవుకి వెళ్లి చూసొచ్చాం. ఎక్కేవాళ్లని చూస్తూ నిలబడ్డాం. నేను తన చెయ్యి వదల్లేదు. చెయ్యి నొప్పెడుతోంది నాన్నా అంది. నొప్పెట్టనీ అన్నాను.

అక్టోబర్ 27

తెల్లబట్టలు ఉతికి ఆరేసింది. నావీ తనవీ ఒకే తాడుమీద. వచ్చే నెల రెండున మళ్లీ ప్రయాణం. ఇంకా ఆరు రోజులు. తాడుమీద బట్టలు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను.

అక్టోబర్ 28

ఇవాళ రాయను. అమ్మాయి ఖాళీగా ఉంది.