తోడల్లుడి కరెంటు కొలిమి

మార్చి 4
ఎక్స్‌పోర్ట్ ఏజెంటు వచ్చాడు. ఇకమీదట మన పంపు బాడీలు విదేశంలో దిగాలంటే, వాటిని పోతపోసేటప్పుడు ఎంత కార్బన్ వదిలామో చూసి పన్ను వేస్తారట. నాది బొగ్గు కొలిమి. అంత పన్ను కట్టి మీ సరుకు ఎవడు కొంటాడండీ అన్నాడు. ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ పోతే నా ఫౌండ్రీకి తాళమే.

అంతటితో ఊరుకున్నాడా? మీ తోడల్లుడికి ఇబ్బంది లేదు, ఆయనది కరెంటు కొలిమి కదా అన్నాడు. పుండు మీద కారం.

మార్చి 5
కడుపుమంట. టాబ్లెట్‌తో తగ్గే రకం కాదు.

మార్చి 11
నా ఆర్డర్ వాడికే వెళ్ళింది. ఇసుకలో అచ్చు ఎలా తియ్యాలో వాడికి నేర్పిందే నేను! వాడు కరెంటు కొలిమి పెట్టిననాడు, ఇది ఫౌండ్రీయా కాఫీ మిషనా అని నలుగురిలో నవ్వాను. ఆ నలుగురూ ఇప్పుడు వాడి గేటు దగ్గరే ఉన్నారు.

మా ఆవిడ ఇంకో పక్క. వాళ్ళ చెల్లెలు తెల్లబట్టలు మేడమీద ఆరేసుకుంటుందట, మసి పడదట. మనవి మాత్రం ఇంట్లో ఫ్యాన్ కింద. వాడి కొలిమికి కరెంటు కూడా ఎక్కడో బొగ్గు కాలిస్తేనే కదా వచ్చేది అన్నాను. కాలిస్తే కాల్చనీ, ఆ మసి నా బట్టల మీద పడదుగా అంది.

మార్చి 19
కరెంటు పోతే బాగుండు. లోహం కొలిమిలోనే గడ్డకడితే వాడి రోగం కుదురుతుంది. రాశానంతే.

మార్చి 20, మధ్యాహ్నం
గాలివాన. కరెంటు పోయింది! నా ఏడుపే తగిలిందా ఏమిటి? ఒట్టు, ఒక్క నిమిషం సంతోషించాను.

మరదలు ఫోన్ చేసింది. కొలిమి నిండా కరిగిన లోహం ఉందట, జనరేటర్ మొరాయించిందట, మీది పంపండి బావా అని ఒకటే ఏడుపు. మా ఆవిడ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే పోట్లాడి ఆగిపోయేవాణ్ణి.

అదే రోజు, సాయంత్రం
జనరేటర్ నేనే తీసుకెళ్ళాను. కొలిమి దక్కింది. వాడు నా చేతులు పట్టుకుని, మీ అచ్చులు తెచ్చుకోండి అన్నయ్యా, ఇక్కడే పోద్దాం, మీ మార్కుతోనే పంపుదాం అన్నాడు.

మంచితనంలో కూడా వాడే ముందు. ఒళ్ళు మండిపోతోంది.

ఏప్రిల్ 2
నా కొలిమి ఆపేశాను. వాడి కొలిమిలో నా మార్కుతో మొదటి పోత. ఒక్క గాలిబుడగ లేదు. నా దగ్గర ఏనాడూ ఇంత బాగా రాలేదు.

ఇంటికొచ్చేసరికి మేడమీద నా తెల్లచొక్కా ఆరుతోంది. నా చొక్కాను చూసి నాకే కుళ్ళు.