మిషన్ కింద పీట

బాపూ, ముందు చెయ్యి వెనక్కి తీసుకో. తర్వాత చదువు.

నీ పీటను మిల్లింగ్ మిషన్ కింద నుంచి లాగకు. మిషన్ పైభాగం, అంటే మోటారు ఉన్న తల, దాని మీదే ఆగి ఉంది. లాగితే ఆ బరువంతా నీ వేళ్ల మీద పడుతుంది. పీట కనబడకపోతే అన్నానికి కూర్చునే ముందు ఇల్లంతా వెతికి ఇక్కడికే వస్తావు. అందుకే చీటీ దీనికే అంటించాను. గదికి తాళం వేద్దామంటే నీ మగ్గం కూడా ఇందులోనే ఉంది.

తలను ఎత్తి దించే పాత మర వదులై, అందులో కాస్త ఆట ఉండేది. ఇనుము కోస్తుంటే మధ్యలో తల ఒక్కసారిగా జారేది. నీ మగ్గానికి చేసిన పళ్ల చక్రం అందుకే పాడైంది. "గిదేం చక్రం బిడ్డా, ముసలోని నోరు లెక్కున్నది" అని నువ్వు నవ్వావు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నిన్న దాని బదులు లోపల గుండ్ల మీద తిరిగే కొత్త మర, బాల్ స్క్రూ వేశాను. ఆట పోయింది. కానీ అది ఎంత తేలిగ్గా తిరుగుతోందంటే, పిడి వదలగానే తల తన బరువుకు తానే దిగిపోతోంది. దాన్ని పట్టి ఉంచే బ్రేకు కొనడానికి హైదరాబాద్ పోతున్నాను. సాయంత్రానికి వస్తాను.

పప్పు పొయ్యి మీద ఉంది. పీట లేదని నేల మీద కూర్చోకు, మోకాళ్లు పట్టేస్తాయి. మంచం మీదే తిను. అవ్వ తిడితే నా పేరు చెప్పు.

నిహారిక

ఇది చదవగానే ఫోన్ చెయ్యి. అప్పటిదాకా బస్సులో నాకు మనసు నిలవదు. ఎప్పటిలా "తిన్న బిడ్డా" అని పెట్టెయ్యకు. ముందు "చెయ్యి పెట్టలే" అని చెప్పు.