చేపల బొమ్మ నోటు

మర్డో అన్నయ్యా,

పన్నెండో తారీఖున నాకు ఆపరేషన్. చిన్నదేనంటున్నారు. వాళ్ళు చిన్నదన్నప్పుడల్లా నాకు భయం పెరుగుతోంది. నువ్వు స్కాట్లాండ్ దాటి రావేమోనని అంతకన్నా భయం. ఫోనులో అడిగితే వానల సంగతి చెప్పి పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

పోయినసారి ఇంగ్లండులో నా దగ్గరికి, లెస్టర్ వచ్చినప్పుడు, మా కాలేజీ ఎదుటి టీకొట్లో మన స్కాట్లాండ్‌లోని ఒక బ్యాంకు వేసిన ఐదు పౌండ్ల నోటు ఇచ్చావు. కొట్లో పిల్ల దాన్ని వెలుగుకి ఎత్తి చూసింది.

"దీనిమీద చేపలేంటండీ? పిల్లలు ఆడుకునే నోటా?"

"ఆ చేపలు పట్టేవాణ్ణి నేనేనమ్మా. ఎక్కడైనా పౌండు పౌండే," అన్నావు నవ్వుతూ.

వెనక వరసలో నా తోటి లెక్చరర్లున్నారు. నేను గబగబా కార్డు తీసి, ఈ ఇంగ్లండువాళ్ళ యాసలో, "ఏమనుకోకు, ఆయనకి ఇక్కడి పద్ధతి తెలీదు," అన్నాను. మా అన్నయ్య అని కూడా అనలేదు. కంగారులో అన్నానని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. కాదేమో. సిగ్గుపడ్డాననే అనిపిస్తోంది. నువ్వు నోటు మడిచి జేబులో పెట్టుకున్నావు. రెండేళ్ళుగా మళ్ళీ రాలేదు.

మన నోట్లు ఇక్కడి కొట్లలో తీసుకోరేమోనని, ఇటు వచ్చేవాళ్ళంతా ముందే బ్యాంకులో ఇంగ్లండు నోట్లు అడిగి తెచ్చుకుంటారు. నువ్వు అడగవని తెలుసు, అడగొద్దు కూడా. స్టేషనుకి నేనే వస్తాను. పదకొండున ఆ కొట్టుకే వెళ్దాం. డబ్బు నువ్వే ఇవ్వు. ఆ పిల్ల ఏమన్నా అంటే, మన యాసలోనే నేను జవాబు చెప్పాలి. మత్తుమందు ఇచ్చేలోపు నాకు ఆ పని కావాలి. నోరు పెగులుతుందో లేదో తెలీదు. నువ్వు పక్కన నిలబడు.

నీ చెల్లెలు